ట్రాన్స్‌ఫార్మర్ మార్చారు సరే, ఎందుకు కాలిందో తేల్చారా?

సంపాదకుల వారికి,

నమస్కారం.

ఏటా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మీ జిల్లా పేజీల్లో ఒకే తీరు వార్త మళ్లీ మళ్లీ వస్తుంది. ఫలానా ఊళ్లో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. యాసంగి వరి పొట్ట దశలో ఎండుతోంది. రైతులు తలా ఇంత వేసుకుని ట్రాక్టరు మాట్లాడుకుని కాలినదాన్ని రిపేరు షెడ్డుకు తీసుకెళ్లారు, సబ్‌స్టేషన్ ముందు బైఠాయించారు, చివరికి అధికారులు వేరేది బిగించారు. వార్త అక్కడితో అయిపోతుంది. ఆఫీసులో కూడా పని అక్కడితోనే అయిపోతుంది. రెండు నెలలకో, వచ్చే యాసంగికో అదే దిమ్మె (ట్రాన్స్‌ఫార్మర్‌ను నిలబెట్టే గద్దె) మీద అదే సైజుది మళ్లీ కాలుతుంది.

పనిచేసే చోట చిక్కుముడి లాంటి సమస్య ఎదురైతే ఎలా విప్పాలో చెప్పడానికి ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతు పనుల్లో ఉన్న మాకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. ఇందులో రైతు, లైన్‌మన్, ఏఈ (సెక్షన్ చూసే అసిస్టెంట్ ఇంజనీరు), రిపేరు షెడ్డు మేస్త్రీ, స్టోరు, బిల్లింగు విభాగం అందరూ ఉన్నారు. ఎవరి పని వాళ్లు చేస్తూనే ఉన్నారు. అయినా ట్రాన్స్‌ఫార్మర్ కాలుతూనే ఉంది. ఎందుకంటే ఒకరు తమ ఇబ్బంది తీర్చుకోవడానికి చేసిన పని పక్కవారికి కొత్త ఇబ్బందిగా మారుతోంది.

ముందు లెక్క చూద్దాం. వ్యవసాయ లైన్ల మీద ఎక్కువగా కనిపించే 25 కేవీఏ (సామర్థ్యం కొలత) ట్రాన్స్‌ఫార్మర్ ఎల్‌టీ వైపు, అంటే మోటార్లకు కరెంటు వెళ్లే తక్కువ వోల్టేజీ వైపు, ఒక్కో ఫేజుకు మోయగలిగింది 33 ఆంపియర్లు. 63 కేవీఏ అయితే 84, 100 కేవీఏ అయితే 133. దాని కింద ఆరు మోటార్లు ఉన్నాయనుకోండి. రికార్డులో ఒక్కోటి 3 హెచ్‌పీ, మొత్తం 18. కాగితం మీద లోటేమీ కనిపించదు. కానీ బోర్లలో నీళ్లు అడుగంటిన కొద్దీ రైతు లోతు పెంచాడు, మోటారు మార్చాడు. పొలంలో ఇప్పుడు ఉన్నవి 5 హెచ్‌పీ మోటార్లు, వాటిలో సగం రెండు మూడుసార్లు రీవైండింగ్ అయినవి. కెపాసిటర్ (మోటారు అదనంగా లాగే కరెంటును తగ్గించే డబ్బా) లేకుండా అలాంటి మోటారు ఒక్కోటి 9 ఆంపియర్ల దాకా లాగుతుంది. ఆరింటికి 54 ఆంపియర్లు. అంటే మోయాల్సిన దానికి 1.6 రెట్లు. కాయిల్లో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది 2.6 రెట్లవుతుంది. కాయిల్ మీది కాగితం ఇన్సులేషన్ తట్టుకోగల హద్దు దాటాక ప్రతి 6 డిగ్రీలకూ దాని ఆయుష్షు సగానికి పడిపోతుంది. ఏళ్ల తరబడి ఉండాల్సిన ట్రాన్స్‌ఫార్మర్ ఒక్క వేసవి కూడా నిలవకపోవడానికి ఇంతకు మించి కారణం అక్కర్లేదు. దీనికి తోడు లైను చివర వోల్టేజీ 415 నుంచి 350కి పడిందంటే అదే పనికి మోటారు సుమారు 18 శాతం ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ కరెంటుకు వోల్టేజీ ఇంకా పడుతుంది.

ఇప్పుడు ముడి ఎలా బిగుసుకుంటుందో చూడండి. మోటారు స్టార్టయ్యేటప్పుడు మామూలు కరెంటుకు ఆరు రెట్ల దాకా లాగుతుంది. ఆరు మోటార్లకూ ఆటో స్టార్టర్లు ఉంటే కరెంటు రాగానే ఆరూ ఒకేసారి లేస్తాయి. అంటే 324 ఆంపియర్లు, అదీ 33 ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ మీద. ఎల్‌టీ ఫ్యూజు కొట్టేస్తుంది. లైన్‌మన్ వచ్చి వేస్తాడు. మర్నాడు మళ్లీ పోతుంది. ఒక్కో లైన్‌మన్ కింద ఎన్ని ఊళ్లు ఉంటాయో మీకు తెలియంది కాదు, అతను వచ్చేలోగా మడి ఎండుతుంది. అందుకని ఎవరో ఒకరు ఫ్యూజు వైరు బదులు అల్యూమినియం కండక్టరు పోగులు రెండు మెలేసి బిగిస్తారు. ఇక ఫ్యూజు పోదు. ఆ రోజుకు సమస్య తీరింది. కానీ ఆ క్షణం నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కు కాపలా లేదు. గాలికి ఎల్‌టీ తీగలు రెండు తగులుకున్నా, చెట్టుకొమ్మ పడ్డా ఆ షార్టు మొత్తాన్ని కాయిలే భరించాలి. హెచ్‌టీ వైపు, అంటే 11 కేవీ (11 వేల వోల్టుల) లైను వచ్చే వైపు, పరిస్థితి ఇంకా దారుణం. 25 కేవీఏకు 11 కేవీ వైపు పూర్తి లోడు కరెంటు 1.3 ఆంపియర్లే. అక్కడ హెచ్‌జీ ఫ్యూజులో (11 కేవీ వైపు ఉండే ఫ్యూజు) అల్యూమినియం పోగు పెట్టారంటే అసలు ఫ్యూజే లేనట్టు.

ఇక్కడ అధికారులు సాధారణంగా ఇచ్చే ఆదేశం: ఆటో స్టార్టర్లు తీసేయండి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చే ముందు దీని మీద పెద్ద ప్రచారమే నడిచింది. చెప్పిన మాట సరైందే. కానీ రైతు ఆటో స్టార్టర్ ఎందుకు పెట్టుకున్నాడో ముందు కనుక్కోవాలి. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియనప్పుడు, అర్ధరాత్రి పాములు తిరిగే గట్ల మీద నడిచి వెళ్లి మోటారు వేసుకోలేక పెట్టుకున్నాడు. ఆ భయం పోకుండా స్టార్టర్ పీకిస్తే వారం తిరక్కుండా మళ్లీ పెడతాడు. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట 9 గంటల సరఫరా ఉన్నచోట ఆ వేళ కచ్చితంగా పాటిస్తే రైతు తనే వెళ్లి వేసుకుంటాడు. అయినా ఆటో స్టార్టర్ వదలనంటే దాన్ని తీయించే పట్టుదల కన్నా దాంట్లో టైమరు పెట్టించడం మేలు. మొదటి మోటారు 10 సెకన్లకు, రెండోది 20కి, మూడోది 30కి, అలా ఆరోది నిమిషానికి లేచేలా సెట్ చేస్తే 324 ఆంపియర్ల దెబ్బ ఒక్కసారిగా పడదు. అయితే ఎవరి సెకన్లు ఎన్నో దిమ్మె మీద రంగుతో రాసి ఉంచాలి, లేకపోతే ఎవరికి వారు తమది 10కి తిప్పుకుంటారు. 24 గంటల సరఫరా ఉన్నచోట రోజూ ఈ దెబ్బ ఉండదు కానీ ఫీడరు ట్రిప్పయి మళ్లీ వచ్చిన ప్రతిసారీ ఉంటుంది. కాబట్టి టైమరు అక్కడా కావాలి.

ఇలాంటి సమస్యలకు ‘ఎందుకు’ అని ఐదుసార్లు అడగమని టొయోటా కార్ల కంపెనీ నుంచి వచ్చిన పద్ధతి ఇప్పుడు ప్రతి శిక్షణ తరగతిలోనూ చెబుతున్నారు. పద్ధతి మంచిదే, వాడి చూడొచ్చు. ఎందుకు కాలింది? కాయిల్ ఇన్సులేషన్ పోయింది. ఎందుకు పోయింది? వేడి. ఎందుకు వేడెక్కింది? 33 చోట 54 ఆంపియర్లు. ఎందుకంత? రికార్డులో 18 హెచ్‌పీ, పొలంలో 30. ఎందుకు చెప్పలేదు? చెబితే డెవలప్‌మెంట్ ఛార్జీలు (అదనపు లోడుకు కట్టే రుసుము) కట్టమంటారని, కట్టకపోతే కనెక్షన్ తీసేస్తారని. ఐదో జవాబు దగ్గరికి వచ్చేసరికి సమస్య ట్రాన్స్‌ఫార్మర్‌లో లేదు, రైతుకూ ఆఫీసుకూ మధ్య ఉన్న భయంలో ఉంది. అక్కడిదాకా వెళ్లకుండా రెండో జవాబు దగ్గర ఆగిపోతే ‘వేడి వల్ల కాలింది, వేసవి కదా’ అని ఫైలు మూసేస్తాం.

కానీ ఈ పద్ధతికి ఒక లోపం ఉంది. అది ఒకే దారిలో నడిపించి ఒకే కారణం దగ్గర దించుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం సాధారణంగా రెండు మూడు కారణాలు కలిసినప్పుడే పోతుంది. లోడు ఎక్కువైనా సరైన ఫ్యూజు ఉంటే బతుకుతుంది. ఫ్యూజు సరిగా లేకున్నా లైనులో షార్టు రాకపోతే బతుకుతుంది. పిడుగు పడ్డా ఎర్తు బాగుంటే బతుకుతుంది. అందువల్ల అడగాల్సిన ప్రశ్న ‘ఏది కాల్చింది’ ఒక్కటే కాదు, ‘కాపాడాల్సింది ఏది కాపాడలేదు’ అన్నది కూడా. ఈ రెండో ప్రశ్నకు జవాబు కాగితం మీద రాసినచోట మరమ్మతు ఏమిటో దానంతటదే తేలుతుంది.

జవాబు ఎక్కడ దొరుకుతుందంటే, సగం దిమ్మె దగ్గర, సగం షెడ్డులో. ఈ రెండు సగాలూ ఎప్పుడూ కలవకపోవడమే ఇన్నేళ్లుగా సమస్య తెగకపోవడానికి పెద్ద కారణమని మా అభిప్రాయం.

షెడ్డులో దొరికే సగం ముందు చెబుతాం, ఎందుకంటే దాని విలువ ఆఫీసుల్లో కూర్చునేవారికి తెలిసినట్టు లేదు. మూత విప్పి కోరును గొలుసులతో పైకి లేపగానే అనుభవమున్న వైండింగ్ పనివాడు కాయిళ్లను చూసి సగం కథ చెప్పగలడు. మూడు హెచ్‌టీ కాయిళ్లూ ఒకే తీరుగా వేయించిన కాఫీగింజ రంగుకు తిరిగి, కాగితం వేలితో నలిపితే పొడిపొడిగా రాలుతుంటే అది చాలాకాలంగా మోసిన అధిక లోడు. మూడింట్లో ఒకటే అలా మాడి తక్కిన రెండూ లేతగా ఉంటే ఆ ఒక్క ఫేజు మీదే భారం పడుతోందని అర్థం. సింగిల్ ఫేజు సరఫరా వేళల్లో కండెన్సర్లు (కెపాసిటర్లు) పెట్టి త్రీఫేజు మోటార్లు నడిపే ఊళ్లలో ఇది ఎక్కువ. కాయిళ్లన్నీ శుభ్రంగా ఉండి, ఒక్క హెచ్‌టీ కాయిల్లో లైన్ వైపు మొదటి చుట్ల దగ్గర మాత్రం సూదిమొనంత రంధ్రం, దాని అంచున కరిగి గట్టిపడిన తీగ పూస కనిపిస్తే పిడుగుపాటు సర్జ్ (ఒక్కసారిగా ఎగసిన వోల్టేజీ) వచ్చి పొడిచింది. అప్పుడు చూడాల్సింది లైట్నింగ్ అరెస్టర్నీ (పిడుగు కరెంటును నేలలోకి మళ్లించే పరికరం) దాని ఎర్తునూ. ఎల్‌టీ కాయిల్ పక్కకు ఒరిగి, చుట్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, మధ్య చెక్క ముక్కలు జారిపోయి ఉంటే ఎల్‌టీ లైనులో గట్టి షార్టు జరిగింది, ఫ్యూజు కొట్టలేదు. కాయిల్ పైభాగం మాత్రమే మాడి కింద బాగుంటే ఆయిల్ తగ్గిపోయి పైచుట్లు గాలికి తేలాయి. అది గ్యాస్కెట్ కారడం కావచ్చు, దొంగలు తీసిందైనా కావచ్చు. ట్యాంకు అడుగున నీటి బొట్లు, లోపలి గోడల మీద తుప్పు, జిగట మడ్డి ఉంటే తేమ చేరింది. బ్రీదర్ (లోపలికి వెళ్లే గాలిలోని తేమను పీల్చే డబ్బా) ఉన్నవాటికి సిలికా జెల్ నీలం పోయి గులాబీ రంగుకు తిరిగిందో లేదో ఎన్నాళ్లుగా ఎవరూ చూడలేదన్నమాట. ఎల్‌టీ బుషింగు (ట్యాంకులోంచి కరెంటు బయటికి వచ్చే పింగాణీ గొట్టం) రాడ్డు నీలంగా కమిలి, దాని కింద గ్యాస్కెట్ ఉడికి గట్టిపడి ఉంటే కాయిల్ తప్పే లేదు. లగ్గు (తీగ కొసను బిగించే లోహపు ముక్క) లూజుగా ఉండి అక్కడ పుట్టిన వేడి లోపలికి దిగింది.

ఇంత స్పష్టంగా రాసి ఉన్న కాయిల్‌ను షెడ్డులో ఏం చేస్తారు? కోసి తుక్కులో వేస్తారు. రిజిస్టరులో ‘కాయిల్స్ బర్న్‌ట్’ అని రెండు ముక్కలు రాస్తారు. ఆ రెండు ముక్కలూ ఆ ఊరి ఏఈకి చేరవు. చేరినా వాటితో చేసేదేమీ లేదు.

దిమ్మె దగ్గర దొరికే సగం ఇంకా త్వరగా చెరిగిపోతుంది. కాలినదాన్ని దించే తొందరలో మొదట పీకేసేది ఫ్యూజులనే. అందుకే దించే ముందు ఒక్క అరగంట ఆగి, సెల్‌ఫోనుతో ఫొటోలు తీసి, ఒక పేజీ నింపాలి. మూడు హెచ్‌జీ ఫ్యూజుల్లో ఏవి పోయాయి, వాటిలో ఉన్నది సరైన వైరా అల్యూమినియం పోగా? ఎల్‌టీ ఫ్యూజుల సంగతేమిటి? ఆయిల్ గేజీ ఎక్కడుంది, ట్యాంకు మీద కారిన చారలున్నాయా? ఏ వేళకు పోయింది: కరెంటు వచ్చిన నిమిషంలోనా, మోటార్లన్నీ నడుస్తుండగానా, ఉరుములు మెరుపుల్లోనా? ఎల్‌టీ లైను వేలాడుతోందా, స్తంభాల మధ్య తీగలు ఒకదానికొకటి తగిలిన నల్లమచ్చలున్నాయా? దాని కింద ఎన్ని మోటార్లు, నేమ్‌ప్లేటు మీద ఎన్ని హెచ్‌పీ? ఎర్తు పట్టీ దిమ్మె నుంచి గుంత దాకా తెగకుండా ఉందా?

ఎర్తు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చాలాచోట్ల పట్టీ నేలలోకి దిగినట్టే కనిపిస్తుంది, తవ్వితే అర అడుగు లోతున తుప్పు తిని తెగి ఉంటుంది. కొన్నిచోట్ల దొంగలు కోసుకుపోతారు. న్యూట్రల్‌కు, ట్యాంకు బాడీకి, అరెస్టర్లకు వేర్వేరు ఎర్తు దారులుండాలి. 40 మిల్లీమీటర్ల జీఐ పైపు రెండున్నర మీటర్లు దిగేసి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి, వేసవిలో వారానికి రెండు బిందెలు నీళ్లు పోస్తే చాలా నేలల్లో ఎర్తు నిలబడుతుంది. ఎర్త్ టెస్టర్‌తో కొలిస్తే 5 ఓమ్‌ల లోపు ఉండాలని చూసుకోవాలి. రాళ్ల నేలలో ఒక గుంతతో అది రాకపోతే రెండో గుంత తీసి కలపాలి. అరెస్టర్ కొత్తది పెట్టి దాని ఎర్తు తెగి ఉంటే పెట్టనట్టే. పిడుగు కరెంటుకు నేలలోకి దారి లేక కాయిల్లోకే దిగుతుంది.

ఈ పని చేసేవారి ప్రాణాల గురించి కూడా ఇక్కడే రాయడం అవసరం. ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు 11 కేవీ సరఫరా ఆపే స్విచ్) హ్యాండిల్ కిందికి లాగినంత మాత్రాన మూడు బ్లేడ్లూ విడిపోయాయని అనుకోకూడదు. తుప్పు పట్టిన స్విచ్‌లో రెండు విడిపోయి ఒకటి అంటుకునే ఉండటం మామూలే. పైకి చూసి మూడింటినీ లెక్కపెట్టి, సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి పనికిచ్చే అనుమతి) తీసుకుని, ఎర్త్ రాడ్లు తగిలించాకే చెయ్యి వేయాలి. రైతులు దిమ్మె ఎక్కి ఫ్యూజు వేయడం ఏ పరిస్థితిలోనూ వద్దు. ఏటా ఎన్ని కుటుంబాలు ఇలా దిక్కులేనివవుతున్నాయో మీ పేజీల్లోనే చదువుతున్నాం.

దిమ్మె దగ్గరి పేజీ ఆ ట్రాన్స్‌ఫార్మర్ సీరియల్ నంబరుతో షెడ్డుకు వెళ్లాలి. షెడ్డులో మూత విప్పేనాడు ఆ సెక్షన్ ఏఈ గానీ లైన్ ఇన్‌స్పెక్టరు గానీ ఎదురుగా ఉండాలి. కాయిల్ ఫొటో, మేస్త్రీ చెప్పిన మాట అదే పేజీ వెనకవైపు ఎక్కాలి. ఇంతే. దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, కొత్త పోస్టులు అక్కర్లేదు. రెండు వైపులూ పక్కపక్కన పెట్టి చదివితే జవాబు చాలాసార్లు ఐదు నిమిషాల్లో తేలుతుంది. కాయిల్ మూడూ మాడి, కింద నేమ్‌ప్లేట్లు 30 హెచ్‌పీ చూపిస్తే లోడు. ఎల్‌టీ కాయిల్ ఒరిగి, ఫ్యూజులో అల్యూమినియం పోగు ఉంటే ఇక వాదనే లేదు. రెండు వైపులూ పొసగకపోతే, ఉదాహరణకు లోడు తక్కువగా ఉండి కాయిళ్లు మాడితే, షెడ్డు పని మీద అనుమానం రావాలి. రీవైండ్ చేసిన కాయిల్‌ను మెగ్గర్ (ఇన్సులేషన్ బలాన్ని కొలిచే మీటరు) విలువ నిలకడగా నిలిచేదాకా ఓవెన్‌లో ఆరబెట్టకుండా, పాత ఆయిల్‌ను ఫిల్టర్ చేయకుండా పోసి పంపితే అది వారాల్లోనే తిరిగొస్తుంది. ఫిల్టర్ చేసిన మంచి ఆయిల్ రెండున్నర మిల్లీమీటర్ల ఎడంలో 60 కిలోవోల్టులకు తట్టుకోవాలి. రిపేరు తేదీ, మెగ్గర్ రీడింగు, ఆయిల్ పరీక్ష విలువ ట్యాంకు మీదే రంగుతో రాసి పంపమంటే, షెడ్డుదా ఫీల్డుదా తప్పు అనే పాత జగడం సగం తగ్గుతుంది.

దిద్దుబాటు దగ్గర జరిగే తప్పు ఇంకొకటుంది. అన్నీ ఒకేసారి మార్చేస్తారు: 25 తీసి 63 పెడతారు, ఎర్తు వేస్తారు, ఫ్యూజులు మారుస్తారు, రైతులకు అవగాహన సదస్సు పెడతారు. తర్వాత కాలకపోతే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు, పక్క ఊళ్లో చేయడానికి మిగిలేది ఖరీదైన 63 కేవీఏ ఒక్కటే. ఫ్యూజు, ఎర్తు లాంటి కాపలా పనులు ముందే చేయాలి, వాటికి ఆగనక్కర్లేదు. లోడు విషయంలో మాత్రం ఒక్కో మార్పు చేసి కొలవాలి. పైన చెప్పిన ఆరు మోటార్ల లెక్కే తీసుకుందాం. 5 హెచ్‌పీ మోటారుకు 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత) కెపాసిటర్ పెడితే 9 ఆంపియర్లు సుమారు 7.3కు దిగుతుంది. ఆరింటికి 54 కాస్తా 44 అవుతుంది. వేడి 2.6 రెట్ల నుంచి 1.7 రెట్లకు పడిపోతుంది. కేవీఏ పెంచకుండానే ఇంత. ఇంకా 33 దాటే ఉంది కాబట్టి రెండు మోటార్లను ఖాళీ ఉన్న పక్క ట్రాన్స్‌ఫార్మర్‌కు మారిస్తే 29కి వస్తుంది. పక్కన ఖాళీ లేకపోతే అప్పుడు 63 కేవీఏ అడగాలి, చేతిలో ఈ రీడింగులుంటే ఎస్టిమేటు మంజూరు చేసే డీఈ (డివిజనల్ ఇంజనీరు) కూడా కాదనలేరు.

కెపాసిటర్లు ఇంతకు ముందు పెట్టించలేదా అంటే పెట్టించారు. ఉచిత కరెంటుకు కెపాసిటర్, ఐఎస్ఐ పంపుసెట్టు, ఘర్షణ తక్కువ ఫుట్‌వాల్వు ఉండాలని ఉమ్మడి రాష్ట్రంలోనే నిబంధన వచ్చింది. ఇప్పుడు బోర్డుల మీద చూస్తే డబ్బా ఉంటుంది, లోపల అది ఉబ్బి చచ్చి ఉంటుంది, లేదా వైరు ఊడదీసి ఉంటుంది. ఎందుకని? చచ్చిందో బతికిందో రైతుకు తెలిసే మార్గం లేదు. లైన్‌మన్ చేతిలో టాంగ్ టెస్టర్ (తీగ విప్పకుండా కరెంటు కొలిచే మీటరు) ఉంటే నిమిషం పని: మోటారు నడుస్తుండగా మెయిన్ వైరుకు తగిలించి చూడాలి, తర్వాత మోటారు ఆపి కెపాసిటర్ వైరు విప్పి మళ్లీ నడిపి చూడాలి. రెండు రీడింగుల మధ్య ఒకటిన్నర ఆంపియర్ల పైన తేడా ఉంటే బతికే ఉంది, తేడా లేకపోతే మార్చాలి. కెపాసిటర్‌ను స్టార్టర్ తర్వాత, మోటారు వైపు కలపాలి. అప్పుడే మోటారుతో పాటు వస్తుంది, పోతుంది. ఆపిన వెంటనే దాని కొసలు ముట్టుకోకూడదు, ఓ నిమిషం ఆగాలి. షాకు కొట్టిందనే చాలామంది దాన్ని పీకేశారు.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జ్ చేసిన రోజున కరెంటు వచ్చి అరగంటయ్యాక మూడు ఫేజుల రీడింగులు, మళ్లీ మోటార్లన్నీ నడిచే వేళ మూడు రీడింగులు అదే పేజీ మీద రాస్తే, ఆ సమస్య తీరిందో లేదో అప్పుడే తెలుస్తుంది. ఒక ఫేజులో 40, ఇంకోదాంట్లో 15 ఉంటే ఆ రోజే సింగిల్ ఫేజు లోడును సర్దాలి.

ఇదంతా జరగాలంటే ఒక్కటి తప్పనిసరి. నిజం చెప్పినవాడికి మెమో రాకూడదు. ‘అల్యూమినియం పోగు నేనే వేశాను, ఫ్యూజు వైరు స్టోరులో మూడు నెలలుగా లేదు’ అని లైన్‌మన్ చెబితే ఆ వాక్యంలో అసలు కారణం ఉంది. అది విని అతని మీద చర్య తీసుకుంటే, ఇకపై ఆ డివిజన్‌లో ఏ ట్రాన్స్‌ఫార్మర్ అయినా ‘పిడుగుపాటు వల్లే’ కాలుతుంది. రైతు విషయంలోనూ అంతే. మోటారు హెచ్‌పీ నిజం చెప్పిన రైతుకు ఆ సీజన్‌లో అదనపు ఛార్జీ అడగబోమని, కనెక్షన్ ముట్టుకోబోమని ముందే రాతపూర్వకంగా చెప్పాలి. పంట చేతికొచ్చాక క్రమబద్ధీకరణ గురించి మాట్లాడుకోవచ్చు. మాట్లాడే చోటు కూడా ముఖ్యం. డివిజన్ ఆఫీసు సమావేశ మందిరంలో ఎస్ఈ (సూపరింటెండింగ్ ఇంజనీరు) గారు ముందు మాట్లాడితే తర్వాత అందరూ ఔననే అంటారు. దిమ్మె పక్కన చెట్టు కింద, లైన్‌మన్ మొదట, రైతులు తర్వాత, షెడ్డు మేస్త్రీ ఆ తర్వాత, అధికారులు చివర మాట్లాడాలి. అరగంట చాలు.

ప్రతి ట్రాన్స్‌ఫార్మర్‌కూ ఇంత చేసే తీరిక ఉందా అని ఏఈలు అడుగుతారు. వారి బాధ మాకు తెలుసు. అందుకని పేజీ అన్నింటికీ నింపినా, చెట్టు కింది సమావేశం మాత్రం ఏడాదిలోపు రెండోసారి కాలిన దిమ్మెలకే పెట్టండి. ఒక సెక్షన్‌లో అలాంటివి కొన్నే ఉంటాయి. పదే పదే కాలి, పదే పదే ట్రాక్టరు ఎక్కేవి అవే.

ఇంకో మాట విద్యుత్ నియంత్రణ మండళ్లకు. సేవా ప్రమాణాల ప్రకారం కాలిన ట్రాన్స్‌ఫార్మర్‌ను పట్టణాల్లో 24 గంటల్లో, పల్లెల్లో 48 గంటల్లో మార్చాలి. ఆ గడువు అవసరమే, ఎండే పంటకు ప్రతి గంటా లెక్కే. కానీ గడువు ఒక్కదాన్నే లెక్కిస్తున్నాం కాబట్టి ఆఫీసు మొత్తం మార్చడం మీదే దృష్టి పెడుతోంది. దానితోపాటు 12 నెలల్లో ఒకే దిమ్మె మీద మళ్లీ కాలినవి ఎన్ని, వాటిలో కారణం రాసినవి ఎన్ని అన్న రెండు సంఖ్యలు డివిజన్ల వారీగా ప్రకటించమని అడగాలని కోరుతున్నాం.

మీ విలేకరులకు కూడా ఒక విన్నపం. ఈ వేసవిలో ఇలాంటి వార్త రాసేటప్పుడు కొత్తది ఎప్పుడు పెడతారన్న ప్రశ్నతో పాటు ఈ నాలుగూ అడగండి: ఈ దిమ్మె మీద ఏడాదిలో ఇది ఎన్నోది? పాతదాంట్లో ఏ కాయిల్ పోయింది? ఫ్యూజులో ఏ వైరు దొరికింది? ఇప్పుడు మూడు ఫేజుల్లో ఎన్నెన్ని ఆంపియర్లు నడుస్తున్నాయి? జవాబులు ఏవైనా సరే, జవాబు లేదన్నా సరే, అలాగే అచ్చు వేయండి.

ఇట్లు,
విద్యుత్ పంపిణీ, ట్రాన్స్‌ఫార్మర్ మరమ్మతు పనుల్లో ఉన్న కొందరు ఇంజనీర్లు, వైండింగ్ కార్మికులు